కట్టుడు పండ్లకు రెండు షిఫ్టులు

"బాపమ్మా, గీ ఫోటోల తాత నోరు గట్లెందుకు పెట్టిండు? పక్కన ఓదెలు తాత గూడ గట్లనే ఉన్నడు."

ఏదీ, ఇటు తే. అద్దాలు లేకుంటె నాకు కండ్లు కనవడయి. ఆఁ, గిదా. క్రిస్మస్ నాడు తీసింది బిడ్డా. మీ తాతకు కింది పండ్లున్నయి, పైవి లేవు. ఓదెలన్నకు పైవున్నయి, కిందివి లేవు. నవ్వకు పోరి. అప్పుడు నాకు నవ్వు రాలే, ఒళ్లు మండింది.

ఓదెలన్న మీ తాతతోని ఒక్కటే బొగ్గుబాయిల పనిచేసిండు. ఒకసారి బొగ్గు కాడ పైకప్పు కూలుతాంటె, మీ తాతను ఒక్క నూకు నూకిండట. మీ తాత అవతల పడి బతికిండు. పెళ్ల వచ్చి ఓదెలన్న మూతికి తాకింది. ముంగటి పండ్లు ఆడనే రాలినయి, మిగిలినయి ఏండ్లు గడిసినకొద్ది పోయినయి. ఆయన చర్చికి రాడు, మల్లన్నకు మొక్కుతడు. గని క్రిస్మస్ తిండి మాత్రం మా ఇంట్లనే. నన్ను చెల్లె అంటడు, మీ తాతను బావ అంటుండె.

మీ తాతకేమో రిటైరైనంక పండ్లూడినయి. మంచిర్యాలకు తిరిగి తిరిగి కట్టుడు పండ్లు చేపిచ్చుకున్నడు. గోదారి దాటుడు, వచ్చుడు. అప్పుడు బస్సు టికెట్ ఎంతుండెనో, మర్చిపోయిన తియ్యి. ఆ పండ్లొచ్చినంక మనిషిని పట్టేటోళ్లు లేరు. మక్కెన్ను కొరుకుడు, సకినాలు కొరుకుడు, ఎవ్వలన్న ఇంటికొస్తె వాళ్ల ముంగట కూసోని చెరుకుగడ కొరుకుడు. వచ్చినోళ్లకు చాయి దొరికేది గాదు, గీ తమాషానే.

అగో, గా యేడు ఏమైందంటె, ఓదెలన్న తొవ్వల కలిసి, "బావా, ఈసారి పండుగకు రాను. అందరు కూరల బొక్కలు నములుతాంటె నేను పులుసు జుర్రుకుంట కూసునుడు, సిగ్గయితాంది" అన్నడట. మీ తాత ఇంటికొచ్చి కంచం ముట్టలే. "వాడు రాకుంటె నాకు పండుగే లేదు, నేను బతికిందే వానితోని" అన్నడు.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలుంటయి గదా, యేసయ్య రాకడకు తయారయ్యే దినాలు. రెండో ఆదివారం, కాదు కాదు, మూడోది, పాస్టరయ్య చెప్పిండు: ఇంట్ల రెండున్నోళ్లు ఒకటి లేనోళ్లకు ఇయ్యాలె అని. నేను దుప్పటి ఇద్దామనుకున్న. నాకు రెండున్నయి. అబద్ధమెందుకు, చినిగినదే ఇద్దామనుకున్న, ఇచ్చిన గూడ.

తెల్లారి సోమవారం పొద్దుగాల మీ తాత చాయిల రొట్టె ముంచుకుంట ఏందో మాట్లాడుతుండు, ఒక్క ముక్క సమజైతలేదు. సూస్తె పైపెదవి లోపటికి పోయింది.

"పైపండ్లేవి?" అన్న.

"ఓదెలుకిచ్చిన. పైదొకటి, కిందిదొకటి, రెండున్నయి గదా నాకు."

"అవేమన్న దుప్పట్లా?"

"పండ్లు ఇయ్యొద్దని పాస్టరయ్య అనలే గదా" అన్నడు. ఎంత ధైర్నం సూడు.

రెక్కపట్టి పాస్టరయ్య దగ్గరికి గుంజుకపోయిన. అయ్యా, మీరు చెప్పింది గిట్లనా అని అడిగిన. ఆయన మీ తాత నోరు సూసిండు, మీదికి సూసిండు, ఆఖరికి "ప్రార్థన చేద్దాం" అని కండ్లు మూసిండు. నేను ఒక కన్ను తెరిచి సూసిన. ఆయన భుజాలు ఊగుతున్నయి. ఆమేన్ గూడ సరిగ్గ అనలేకపాయె.

ఇగ ఓదెలన్నది సిన్న నోరు, పండ్లు పడుతలేవు. మీ తాత ఆకురాయి తీస్కొని వరండల కూసోని గీకిండు. రోజింత గీకుడు, ఓదెలన్న నోట్లె పెట్టి సూసుడు, మల్ల గీకుడు. క్వార్టర్ల లైన్ మొత్తం నిలవడి సూస్తాంది. ఒకలు ఇటు గీకు అంటరు, ఒకలు అటు గీకు అంటరు. ఇజ్జత్ పోయింది నాది.

పండుగ నాడు ఓదెలన్న కొత్త అంగీ తొడుక్కొని వచ్చిండు. ఫోటో తీసింది అప్పుడే. కూర వడ్డిచ్చిన. ఇద్దరు బొక్క నోట్లె పెట్టుకున్నరు. ఈయనకు కిందివే, ఆయనకు పైవే. నమిలితె నలుగుతదా? అటుతిప్పి ఇటుతిప్పి ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు. మీ తాత కింది పండ్లు తీసి, గిలాసల కడిగి, ఓదెలన్న కంచం పక్కన పెట్టిండు.

"ఫస్ట్ షిఫ్టు నీది. నేను సెకండ్ షిఫ్టు దిగుత."

ఓదెలన్న వద్దు వద్దనుకుంటనే పెట్టుకున్నడు. తినుకుంటనే ఏడ్సిండు. తినుడైనంక రెండు సెట్లు తీసి నా చేతులల్ల పెట్టిండు. పరాయి మొగోని నోట్లె పండ్లు బిడ్డా, వేన్నీళ్లతోని నేను కడిగిన. అప్పటిదాక ప్రేమ అంటె నేను చర్చిల పాటనే అనుకున్న.

మీ తాత సెకండ్ షిఫ్టు దిగేవరకు కూర సల్లారింది. అదొక్కటేనా, ఆకురాయితోని గీకినంక పైపండ్లు ఈయన నోట్లె నిలుస్తలేవు. ఒక వేలుతోని మీదికి నూకి పట్టుకొని తిన్నడు. మస్తు రుచున్నదే అన్నడు. అటెనుక గూడ ఏటా గట్లనే, వేలు పెట్టుకొని తిన్నడు.

మీ తాత సచ్చిపోయిన్నాడు ఓదెలన్న పైపండ్లు కడిగి రుమాల్ల చుట్టుకొచ్చిండు. "చెల్లె, బావను నిండునోటితోని పంపుదాం" అన్నడు. మీ తాతతోని పెట్టెల పెడదామనే అనుకున్న. అప్పుడు నా చినిగిన దుప్పటి యాదికొచ్చింది. మీ తాత కింది పండ్లు గూడ తెచ్చి ఓదెలన్న చేతులల్ల పెట్టిన. సుట్టాలు తిట్టిన్రు, బోసినోటితోని సాగనంపుతవా అని. తిడితె తిట్టనియ్యి.

మొన్న తెలంగాణ వచ్చిన్నాడు లడ్డూలు పట్టుకొని వచ్చిండు గదా, నువ్వు గూడ తింటివి. ఆయన తిని నవ్విండు. ఆ పండ్లు మీ తాతయి గదనే. లోపటికి వోయి ఏడ్సిన. ఉల్లిగడ్డ కోస్తున్ననని నీకు అబద్ధం చెప్పిన.

పోయినోళ్లందరు లేసే దినం ఒకటున్నది బిడ్డా, నాకు నమ్మకమున్నది. మీ తాత లేసి ఫస్టు నన్నడిగేది గదే, నా పండ్లేవే అని. డ్యూటీల ఉన్నయి, జర ఆగు అని నేనంట.

సల్లగుండు బిడ్డా, దేవుడు నిన్ను సల్లగ సూడాలె. ఆదివారం ఓదెలన్న తినెతందుకు వస్తడు. బొక్కల కూరనే వండు...