పదకొండు వేల మడతలు, ఒక తోలు టోపీ

బస్టాండు వెనక టీ కొట్టులో ఉన్నవి రెండే బెంచీలు. ఒకటి వినేవాళ్లది, రెండోది పర్సెంటుది.

పర్సెంటంటే ఆ వరసలోనే సెకండ్‌హ్యాండ్ ఫోన్ల కొట్టు పెట్టుకున్నవాడు. ఏ మాటైనా నూటికింతని చెప్తే గాని అతనికి తోచదు. టీ నోట్లో పోసుకుని, "బాబాయ్, ఇవాళ పంచదార ఎనిమిది పర్సెంటు తగ్గింది" అంటాడు. అసలు పేరు వాళ్లమ్మ ఒక్కతే వాడుతుంది.

ఆ సాయంత్రం రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వచ్చాడు. పదిహేను రోజులైనా వేళ్లకి థిన్నర్ వాసన పోలేదని అతని అనుమానం. బెంచీ మీద కూర్చున్నాక గ్లాసు పట్టుకోవాలి కాబట్టి ఒక చెయ్యి మాత్రం బయటికి తీశాడు.

"ఏరా అబ్బాయ్, మీ తాత సామాను ఆన్‌లైన్లో అమ్మేశావటగా?" అన్నాడు కొట్టు బాబాయ్.

"అమ్మాను బాబాయ్. ఏదో నాలుగు రాళ్లొచ్చాయి."

అక్కడ ఆగితే సరిపోయేది. కానీ ఎదురు బెంచీ మీద కండక్టరు ఉన్నాడు. బస్సు తియ్యడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఖాకీ కోటు విప్పి పక్కన పెట్టుకుని, కాళ్లు బారజాపి, "నాలుగంటే? నాలుగు వందలా, నాలుగు వేలా?" అన్నాడు.

కండక్టరు పక్కన దర్జీ పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో గుడ్డ సంచీ. ఆయన మాట్లాడడు. టీ ఊదుకుంటాడు, అంతే.

"నాలుగు వేలా!" అన్నాడు పర్సెంటు. నవ్వు దానంతటదే వచ్చేసింది. "అన్నా, మా తాత ఎవరనుకున్నావ్? వైమానిక దళంలో ప్యారాషూట్లు మడతపెట్టేవాడు. విమానం నడిపేవాడు అందరికీ కనిపిస్తాడు. వాడు కిందకి దూకితే ప్రాణం ఎవరి చేతిలో ఉంటుంది? మడిచినవాడి చేతిలో. మడిచిన ప్రతిదానికీ నోటు పుస్తకంలో నంబరు రాసి సంతకం పెట్టాలి. తేడా వస్తే ఎవరు మడిచారో తెలియాలిగా. నేను లెక్కపెట్టాను. పదకొండు వేల మూడొందల పదహారు. తెరుచుకోనిది ఒక్కటి కూడా లేదు."

ఇంతవరకూ ప్రతి అక్షరం నిజం. ఆ సంగతి అతనికి తెలుసు, అందుకే గొంతు నిండుగా పలికింది.

తాత పోయాక ఆయన సామానున్న రేకుపెట్టె అమ్మకి వచ్చింది. మొన్న చిన్న ఇంటికి మారినప్పుడు మంచం కింద పట్టక, అమ్ముకోమని కొడుక్కిచ్చింది. అందులో విమానం ఎత్తు కొలిచే మీటరు, దుమ్ము ఆగే కళ్లద్దాలు, నోటు పుస్తకం, ఒక తోలు టోపీ. టోపీ తాతది కాదు. తాత మడిచిన ప్యారాషూట్‌తో ప్రాణం దక్కించుకున్న ఒక పైలట్, తన తలమీది టోపీ తీసి లోపలి తోలుమీద సిరాతో ఏదో రాసి ఇచ్చాడు.

పర్సెంటు వృత్తి ధర్మం ఒకటుంది. పాత ఫోను చేతికొస్తే ముందు పాత ఓనరు పేరు తుడిచెయ్యాలి, ఫోటోలు తుడిచెయ్యాలి, గీతలు పాలిష్ చెయ్యాలి. రాతలున్న సరుకుకి నలభై పర్సెంటు కోత. ఆ లెక్కనే కూర్చుని, దూదికి థిన్నర్ అద్ది, టోపీ లోపల మరకల్లా ఉన్న ఆ అక్షరాల్ని శ్రద్ధగా తుడిచేశాడు. చదవనైనా చదవలేదు. చదివితే పని ఆలస్యం.

మర్నాడు పొద్దున అమ్మ అంది: "టోపీ అమ్మే ముందు లోపల రాసింది ఒకసారి చదివి వినిపించు నాన్నా. చిన్నప్పుడు మా నాన్న చదివేవాడు, మాటలు మర్చిపోయాను."

అప్పుడు పర్సెంటు నోట్లోంచి పుట్టింది మ్యూజియం. "మ్యూజియం వాళ్లు పట్టుకెళ్లారమ్మా. ఆ రాతతో సహా అద్దాల పెట్టెలో పెడతారట!"

"సరే, ధర చెప్పు ముందు," అన్నాడు కండక్టరు.

"చెప్తా. పొద్దున్నే మీటరూ టోపీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, అయిదొందల నుంచి పాట మొదలని పెట్టానా. గంటలో మూడొందల మంది అన్నా. ఫోను కాలిపోతోంది. బాబాయ్, నీ స్టవ్వు ఆరిపోయిన రోజు గుర్తుందా? ఆ రోజు టీ కాచింది నా ఫోను మీదే."

"ఆ రోజు గ్యాసు బండ అయిపోయిందిరా," అన్నాడు బాబాయ్.

"అదే చెప్తున్నా, బండ లేకుండా టీ ఎలా వచ్చిందనుకున్నావ్? సరే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీటరు ముల్లు కదిలింది. పాట వెయ్యి దాటితే ముల్లు వెయ్యి అడుగుల దగ్గర నిలబడింది. అయిదు వేలన్నారు, అయిదు వేల అడుగులు. నేనేదో ముల్లు పాడైందనుకున్నా. కిటికీలోంచి చూస్తే కింద కాకులు ఎగురుతున్నాయి!"

"కొట్టు లేచిందా?"

"కొట్టు కాదన్నా, కుర్చీ. కుర్చీ లేచి కప్పుకి తగిలింది. ఇంకొకడు ఇంకో వెయ్యంటే కప్పు ఎగిరిపోతుందని, ఒరే బాబూ కాస్త ఆగి పాడండిరా అని మెసేజ్ పెట్టాల్సొచ్చింది. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పైకి వెళ్లేకొద్దీ చలి ముప్ఫై పర్సెంటు..."

"అంత చలిలో దుప్పటి కప్పుకోలేదా?"

"దుప్పటి కింద ఉండిపోయిందిగా!"

బాబాయ్ నవ్వితే టీ గుడ్డ వడపోత ఊగింది. వాళ్లు నవ్వుతున్న కొద్దీ పర్సెంటుకి ఊపొచ్చింది. నవ్వుతున్నవాళ్లు ప్రశ్నలడగరు. అది అతనికి ధైర్యం.

కానీ కండక్టరు కళ్లు తుడుచుకుంటూ, "సర్లే, ఆ మ్యూజియం ఎక్కడరా?" అన్నాడు. "మీ అమ్మ నిన్న నా బస్సు దగ్గరికొచ్చి అడిగింది. మ్యూజియంకి ఏ బస్సెళ్తుంది తమ్ముడూ, మా నాన్న టోపీ చూడాలి అని. ఆదివారం తీసుకెళ్తానక్కా, టికెట్ నాది అని మాటిచ్చేశాను."

పర్సెంటు గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. అమ్మ వీధి దాటి బస్టాండు దాకా వచ్చిందంటే, ఇస్త్రీ చీర కట్టుకునే వచ్చి ఉంటుంది.

వెనక్కి దారి లేదు. ఉన్నది పైకే.

"ఆదివారమా? కుదరదన్నా. అసలు ఆ మ్యూజియం ఆయన వచ్చిన తీరు వింటే నువ్వీ మాట అనవు. సొంత విమానంలో వచ్చాడు. దించడానికి చోటు లేదు. ఎక్కడ దించాడో తెలుసా? నీ బస్సు మీద."

"నా బస్సు మీదా?"

"నీ బస్సు మీదే. నువ్వు నిద్రలో ఉన్నావు. నిద్రలోనే లేచి, పైలట్‌కి ఒకటి, విమానానికి లగేజీ టికెట్ ఒకటి కొట్టి మళ్లీ పడుకున్నావ్. అంత డ్యూటీ మనిషివి."

"చిల్లరిచ్చానా?"

"లేదుగా, దిగేటప్పుడు ఇస్తానన్నావు! ఆయన టోపీ చూశాడు. లోపల రాత చూశాడు. నిలువునా నీరైపోయాడు. లక్ష అన్నాడు, నేను మాట్లాడలేదు. పది లక్షలన్నాడు, నేను గడ్డం గోక్కున్నాను. ఆఖరికి విమానం తాళాలు నా టేబుల్ మీద పెట్టేసి, ఇదిగో ఇదీ నీదే, నన్ను బస్సెక్కించు అన్నాడు. దాన్ని నేనేం చేసుకోను? మా తాత లెక్క ప్రకారం ఎనిమిది మడతలు మడిచి రేకుపెట్టెలో పెట్టాను."

"విమానాన్నా!"

"రెక్కలు లోపలికి పెట్టి మడవాలి బాబాయ్. అందరికీ రాదు."

"ఇంతకీ ఆ రాత ఏమిటిరా?" అన్నాడు బాబాయ్, నవ్వు మధ్యలోనే, మామూలుగా.

"రాతా... అది బంగారు అక్షరాలతో మళ్లీ పోయిస్తున్నారు బాబాయ్. ఒక్కో అక్షరం గడప అంత. దానికోసం కొత్త హాలు కడుతున్నారు. అందుకే మ్యూజియం మూసేశారు. తాళం మీద తాళం, పద్నాలుగు తాళాలు. ఏడేళ్లదాకా ఈగ కూడా లోపలికి పోదు. అమ్మకి అదే చెప్పన్నా, బస్సు లేదని చెప్పు."

దర్జీ పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఈగ కూడా పోదంటావ్," అన్నాడు.

"పోదు పెద్దాయనా."

"మరిదెలా బయటికొచ్చింది?"

ఒళ్లో గుడ్డ సంచీలోంచి తోలు టోపీ తీసి బెంచీ మీద పెట్టాడు. ఎడమ చెవి దగ్గర కుట్టు ఊడి ఉంది. అక్కడ ఒక సూది గుచ్చి, తెల్లదారం వేలాడుతోంది.

స్టవ్వు మీద పాలు పొంగాయి. బాబాయ్ చూసుకోలేదు.

"కొన్నాయన నిన్న కుట్టమని ఇచ్చాడు," అన్నాడు దర్జీ, తిట్టినట్టు కాకుండా, కొలతలు చెప్పినట్టు. "పై వీధిలో ఉంటాడు. పాత విమానాల సామాను పోగేస్తాడు. పద్దెనిమిది వందల యాభైకి కొన్నాడట. లోపల మసక చూపించి, ఇది తుడిచిన మహానుభావుడెవడో గాని, రాత ఉండుంటే దీనికి ఇరవై రెట్లు ఇచ్చేవాణ్ణి అన్నాడు. ఈ సామానులో ధరంతా ఆ రాతకేనట."

ముప్ఫై ఏడు వేలు. పర్సెంటు బుర్ర అతన్ని అడక్కుండానే లెక్క కట్టేసింది. తొంభై అయిదు పర్సెంటు దూదితో తుడిచి చెత్తబుట్టలో వేశాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఒక పర్సెంటు పైకి చెప్పాలనిపించలేదు.

"నువ్వే తుడిచావా?" అన్నాడు కండక్టరు. గొంతులో ఎగతాళి పోయింది. "మరి మీ అమ్మ..."

"పాత ఫోన్లలాగే అనుకున్నానన్నా," అన్నాడు పర్సెంటు. "పేరుంటే ధర తగ్గుతుందని."

తల ఎత్తలేదు. బెంచీ చెక్కమీద టీ మరకలు గుండ్రంగా ఉన్నాయి. వాటినే చూస్తున్నాడు.

"నీ కొట్లో ఫోను అద్దాలకి బంక ఆరబెట్టే నీలి లైటుందిగా," అన్నాడు దర్జీ. "నా ఫోనుకి వేశావు పోయినేడు. పట్రా. తోలు సిరాని తాగుతుంది. పైన తుడిస్తే పైదే పోతుంది, లోపలిది ఆ వెలుగులో కనిపించొచ్చు."

పర్సెంటు పరిగెత్తాడు. లైటు తెచ్చేసరికి కండక్టరు తన ఖాకీ కోటు టోపీమీద కప్పి సిద్ధంగా ఉన్నాడు. వెలుతురు పడకూడదని బాబాయ్ రేకు పళ్లెం అడ్డం పెట్టాడు. పర్సెంటు కోటులోకి తల దూర్చి లైటు నొక్కాడు.

లోపల చెమట, పాత తోలు, థిన్నర్ వాసన. మొదట మబ్బు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక్కొక్క గీతా నల్లగా తేలింది.

*నువ్వు మడిచావు. తెరుచుకుంది. ఇవాళ ఇంటికెళ్లి మా పాపని ఎత్తుకున్నాను.*

కింద సంతకం ఉండాల్సిన చోట ఏమీ లేదు. అక్కడ అతను మరీ గట్టిగా రుద్దాడు.

చాలాసేపు బయటికి రాలేదు.

"ఊపిరాడుతోందా?" అన్నాడు కండక్టరు.

బయటికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లైటు వల్ల అనుకోవచ్చు.

కండక్టరుది మంచి మనసు. "బతికావు పో," అన్నాడు. "ఫోటో తియ్యి. మ్యూజియం వాళ్లు పంపారని మీ అమ్మకి చూపించెయ్. నేనూ ఊ అంటాను."

పర్సెంటు బుర్ర చటుక్కున లేచింది. మ్యూజియంలో నీలి గది, చేతులకి తొడుగులేసుకున్న ఆఫీసరు, ప్రత్యేక అనుమతి... అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఫోను తీశాడు.

దర్జీ సూదికి దారం సరిచేసుకుంటూ అన్నాడు: "మీ తాత పదకొండు వేలు మడిచాడు, అన్నీ తెరుచుకున్నాయి. నువ్వు మడిచింది ఒక్క నాలుక. అది తెరవలేవా?"

పర్సెంటు ఫోను వైపు చూశాడు. ఫోటో తియ్యలేదు. అమ్మకి కాల్ చేశాడు.

"ఆ నాన్నా," అంది అమ్మ. "ఆదివారం బస్సు పదింటికట. నీ కొట్టు మూస్తావా?"

"అమ్మా, మ్యూజియం లేదు."

అవతల కుక్కరు కూత వినిపించింది.

"టోపీ పై వీధిలో ఒకాయన కొన్నాడు. పద్దెనిమిది వందల యాభై. ఆ రాత... నేను తుడిచేశానమ్మా. నువ్వడగడానికి ముందు రోజు. కొత్తగా కనపడాలని."

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురు చూశాడు. కుక్కరు మళ్లీ కూసింది, స్టవ్వు కట్టేసిన చప్పుడైంది.

"అంతా పోయిందా?" అంది.

"సంతకం పోయింది. మాటలు కొంచెం కనిపిస్తున్నాయి. నీలి లైటులో."

"అయితే మిగిలింది చదువు."

పర్సెంటు ఫోను చెవికి అదుముకుని మళ్లీ కోటులోకి తల దూర్చాడు. బయట బస్సు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. కండక్టరు లేచి నిలబడ్డాడు గాని, కోటు అడగలేదు.