గవర్రాజు పోతు మీద నేను నీళ్ళు పోసిన సంగతి

నా పేరు మైలపల్లి పోతమ్మ. నా భర్త ఎల్లయ్య లేడు. నాకు యాభై దాటాయి, ఎంత దాటాయో మా అమ్మే మర్చిపోయింది. చేపలు అమ్ముతాను. ఫిషింగ్ హార్బర్ పక్క పేటలో ఉంటాను. ఈ రోజు 2004 ఫిబ్రవరి 10, మంగళవారం, సాయంత్రం ఎస్సై తిరుమలరావు గారు అడిగితే చెబుతున్నాను. నేను 'నాను' అంటుంటే రైటరు 'నేను' అని రాస్తున్నాడు. రాసుకోనివ్వండి. విషయం మార్చకపోతే చాలు.

నన్ను మేకల దొంగ అని తీసుకొచ్చారు. నేను దొంగిలించానన్న మేకపోతు ఇప్పుడు మీ స్టేషన్ వరండాలో నిలబడి కుండీలో మొక్క తింటోంది. నేను తినమనలేదు. ఆ పోతంటే నాకు గిట్టదు. ఈ మాట మొదట్లోనే రాయండి.

ఫిర్యాదు ఇచ్చిన గవర్రాజు మా పక్కింటివాడు, నాకు వరసకు మరిది. బోటు నడిపే సరంగు. కిందటేడు తుఫానులో వాడి బోటు చిక్కుకుంది. ప్రాణాలతో ఒడ్డుకు చేరితే పోతును ఇస్తానని గంగమ్మకు మొక్కుకున్నాడు. చేరాడు. మర్నాడే పూర్ణా మార్కెట్ వైపు నుంచి ఒక మేకపిల్లను తెచ్చి, పసుపు రాసి, అమ్మవారి పేరు మీద వదిలేశాడు.

మా పేటలో అమ్మవారికి వదిలిన పోతును కట్టకూడదు. కొట్టకూడదు. అది ఏ గుమ్మంలోకి వస్తే ఆ ఇంటివాళ్ళు ఏదో ఒకటి పెట్టాలి. ఆ కట్టుబాటు గవర్రాజుకు బాగా కలిసొచ్చింది. మొక్కు వాడిది, మేపడం మాది. ఊళ్ళో ఇన్ని గుమ్మాలుండగా ఆ పోతుకు నా గుమ్మమే నచ్చింది.

అది చేసిన పనులు చెబుతాను, రాయండి. నా బుట్ట మీద కప్పిన గోనెపట్టా తినేసింది. బట్టల సబ్బు తినేసి రోజంతా నురగలు కక్కుతూ తిరిగింది. పిల్లి నోట్లో చేప లాక్కుని, తినడం చేతకాక, తెచ్చి నా మంచం మీద పెట్టింది. నేను బేరమాడుతుంటే వెనకనుంచి చీర కొంగు నమిలేసింది. సగం కొంగుతో బజారులో నిలబడ్డాను. కొట్టకూడదు కదా. అందుకని నీళ్ళు పోశాను.

బుట్టలో ఐసు కరిగిన నీళ్ళు. రోజూ పొద్దున అది గుమ్మంలోకి రాగానే చెంబుతో ఎత్తి వీపు మీద పోసేదాన్ని. మొదట్లో ఒళ్ళంతా విదిలించి నన్ను కూడా తడిపేది. తర్వాత అలవాటు పడిపోయింది. పోస్తే పోసుకో అన్నట్టు కళ్ళు మూసుకుని నిలబడేది. అంత మొండిది. పుష్యమాసం చలిలో మాత్రం వేడినీళ్ళు పోశాను. ఎందుకని ఎస్సై గారు అడిగారు. ఐసు అయిపోయింది, అందుకు. ఆ నెలంతా ఐసు అయిపోయిందా అని మళ్ళీ అడిగారు. అయిపోయింది.

ఈ రోజు పొద్దున హార్బర్ దగ్గర గంగమ్మ గుడి ముందు మొక్కు తీర్చుకున్నారు. బలి అన్న మాట రాయకూడదని రైటరు అంటున్నాడు, చట్టం ఒప్పదట. పూజ అని రాయండి. పూజకు అంత పెద్ద కత్తి ఎందుకు తెచ్చారో గవర్రాజును అడగండి.

మా పద్ధతి ఇది. పోతు వీపు మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు తీసుకుంటానన్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తకూడదు. ఎంతటి పోతైనా చుక్క పడగానే విదిలిస్తుంది. గవర్రాజు చెంబుడు పోశాడు. పోతు కళ్ళు మూసుకుంది. బిందెడు పోశాడు. మూతి మీదికి కారిన నీళ్ళు నాకింది. చెవిలో పోశారు, తోక మీద పోశారు. డప్పులవాళ్ళ చేతులు నొప్పెట్టాయి. అది పూజారి మెడలో బంతిపూల దండ తినడం మొదలుపెట్టింది. ఆఖరికి ఐసు ఫ్యాక్టరీ నుంచి బకెట్టుడు చన్నీళ్ళు తెచ్చి కుమ్మరించారు. సగం గవర్రాజు మీదే పడ్డాయి. వాడు నిలువెల్లా వణికి ఒళ్ళంతా విదిలించాడు.

వెనకనుంచి ఎవరో అన్నారు, "అమ్మోరు నిన్నే ఒప్పుకుంది బావా, మెడ వంచు."

గుడి ముందు అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. పోతును పట్టుకున్నవాడు కూడా నవ్వి చేతులు వదిలేశాడు. అది పరుగు తీసింది. వలలు కుట్టేవాళ్ళ మధ్యనుంచి దూరి, కొమ్ములకు వల తగిలించుకుని, పెళ్ళికూతురులా ముసుగేసుకుని జెట్టీ మీదికి వెళ్ళింది. అక్కడ బోట్లు వరసగా కట్టి ఉన్నాయి. ఒక బోటు మీదనుంచి ఇంకో బోటు మీదికి దూకుతూ పోయింది. గవర్రాజు వెనకాలే దూకాడు. ఇరవై ఏళ్ళుగా సముద్రం మీద బతుకుతున్న సరంగు రెండు బోట్ల మధ్య నీళ్ళలో పడ్డాడు. పోతు పడలేదు.

నేను అప్పటికే గుడి దగ్గరనుంచి వచ్చేసి, మా పేట మోహన్ ఆటోలో బుట్టలు పెట్టుకుని కూర్చున్నాను. పూర్ణా మార్కెట్‌కు బయల్దేరాను. ఆటో కదిలాక అది జెట్టీ దిగి వచ్చి నా ఒళ్ళో పడింది. దింపేద్దామని కొమ్ము పట్టుకుంటే నా తట్టలో కూర్చుంది. వన్ టౌన్ సందులో హమాలీ బండి అడ్డొచ్చి ఆటో ఆగింది. అది దిగి కరివేపాకు కొట్టు మీద పడింది. కొట్టువాడు అరిచాడు, జనం మూగారు, మీ కానిస్టేబులు వచ్చాడు. తర్వాత తడి లుంగీతో గవర్రాజు వచ్చాడు. జరిగింది ఇదీ. ఇందులో దొంగతనం ఎక్కడుందో నాకు తెలియదు.

దారిలో నేను దాన్ని "నా నాయనే" అన్నానని మోహన్ సాక్ష్యం చెప్పాడట. నేను అన్నది మోహన్‌ను, ఆటో నెమ్మదిగా నడపమని. మోహన్‌ను ఎప్పుడూ అలా పిలవలేదు కదా అని ఎస్సై గారు అడిగారు. ఈ రోజు పిలిచాను.

ఇక అసలు సంగతి. నేను కావాలనే ఏడాది పొడుగునా నీళ్ళు పోసి పోతును పాడు చేశానని గవర్రాజు ఇక్కడ అందరి ముందూ అన్నాడు. మొక్కు తీరకపోతే వాడి బోటు సముద్రంలోకి వెళ్ళదు, నేను వాడి కడుపు కొట్టాను అన్నాడు. నాకు అంత తెలివి లేదు. కోపంతో పోశాను. దాని ప్రాణం నిలపడానికి పోయలేదు. కాని ఈ రోజు గుడి ముందు నిలబడి చూశాను. పక్కన కత్తి ఉంది. నెత్తిన నీళ్ళు పడుతుంటే అది కళ్ళు మూసుకుని, మెడ కాస్త నా వైపు తిప్పింది. రోజూ పోసేదాన్ని నేనే కదా, పొద్దుటి నీళ్ళే అనుకుంది. ఇది రాయక్కర్లేదు. సరే, రాసేశారు కాబట్టి ఉంచండి.

వచ్చే మంగళవారం పూజ మళ్ళీ పెడతారట. ఈ వారం రోజులూ ఒంటి మీద చుక్క పడకుండా ఆరబెడితే పోతు దారికొస్తుందని గవర్రాజు ఆశ. దాని మీద నీళ్ళు పోయనని వేరే కాగితం రాసి నన్ను సంతకం పెట్టమన్నారు. పెడితే ఇంటికి పంపుతారట. నేను పెట్టను.

గవర్రాజు నా దగ్గరికొచ్చి, "ఏటొదినా, అమ్మోరితో పంతమేటి?" అన్నాడు.

"అమ్మోరు వద్దంది నువ్వు సూడ్లేదేటి?" అన్నాను. "అయినా నాకేటి, కట్టేసుకో. కట్టగలవా?"

కట్టకూడదు. అది వాడికీ తెలుసు.

కాబట్టి ఎస్సై గారూ, రేపు పొద్దున అది నా గుమ్మంలోకి వస్తుంది. నేను నీళ్ళు పోస్తాను. ఎల్లుండి వస్తుంది, పోస్తాను. సోమవారం ఎక్కువ పోస్తాను. మంగళవారం గుడికి వెళ్ళేముందు మరీ ఎక్కువ పోస్తాను. ఆ తర్వాత మంగళవారం కూడా పోస్తాను. నాకు అదంటే అంత కోపం.

ఇదంతా రైటరు చదివితే విన్నాను. నేను చెప్పినట్టే ఉంది, నిజమే. పోతు మీద నాకు ప్రేమ అని మాత్రం ఎక్కడైనా రాసి ఉంటే కొట్టేయండి.

మైలపల్లి పోతమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

రైటరు గమనిక: ముద్ర వేశాక చెయ్యి కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిచ్చాము. ఆమె చెయ్యి కడుక్కోలేదు. చెంబు తీసుకుని వరండాలోకి వెళ్ళింది.