పక్కింటి సౌండ్‌బార్ నేనే తీశాను

నా పేరు పైన రాసుకున్నారు. వీధిలో ఆ పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు, మిషనత్త అంటే ఇల్లు చూపిస్తారు. వయసు యాభై ఎనిమిది. పని బట్టలు కుట్టడం. ఈ మధ్య కొత్తవి కుట్టించుకునేవాళ్లు తక్కువ. బిగువైనవి వదులు చేయడం, పొడుగైనవి పొట్టి చేయడమే ఎక్కువ. మా ఆయన లారీ డ్రైవరుగా చేసేవాడు. షుగరు వల్ల రెండేళ్ల కిందట చూపు పోయింది. నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ బెదిరించలేదు. నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను.

మాకూ పక్కింటి టీచరమ్మ వాళ్లకూ ఒకటే గోడ. గోడకు అటువైపు వాళ్ల టీవీ, ఇటువైపు మా ఆయన మంచం. మా టీవీని ఆయనే అమ్మించేశాడు. "చూపు లేనివాడికి బొమ్మలెందుకే, తీసి పారెయ్" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు గోడలోంచి లాయరమ్మ సీరియల్ వినబడటం మొదలైంది. పలకలాంటి ఆ టీవీలకు నోరు వెనకవైపు ఉంటుందట. డబ్బు పోసి కొనుక్కున్నవాళ్లేమో సోఫాలో కూర్చుని "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని ఒకరినొకరు అడుక్కునేవారు. వెనక ఉన్న మాకు లాయరమ్మ ఊపిరి పీల్చడం కూడా వినబడేది. ఒకసారి టీచరమ్మ అలా అడిగితే మా ఆయన మంచం మీదినుంచే "వీలునామా దొంగదన్నాడు!" అని అరిచాడు. నేను గబుక్కున ఆయన నోరు మూశాను. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకు నాలుగున్నాయి.

రోజూ సాయంత్రం ఏడింటికి మిషను ఆపేసి ఆయన పక్కన కూర్చునేదాన్ని. హత్య చేసింది డాక్టరని నేను, కాదు బావమరిదని ఆయన. ఆ అరగంటా ఆయన మునుపటి మనిషే. తిట్టేవాడు, నవ్వేవాడు, పందెం కాసేవాడు. మిగతా రోజంతా గోడవైపు తిరిగి పడుకునే మనిషి, సార్. అది కూడా రాయండి.

పోయిన నెల ఒక ఆదివారం టీచరమ్మ ఇంట్లో టీవీకి సౌండ్‌బార్ అనే స్పీకరు బిగించారు. కర్టెన్ల కొలతకు వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. టీచరమ్మకు గదిలో ఒక్క వస్తువు అడ్డంగా కనబడినా పడదు. "పెద్ద పెద్ద డబ్బాలు వద్దు, నేల మీద ఏదీ ఉండకూడదు, వైర్లు కనబడకూడదు" అని బిగించేవాడికి ముందే చెప్పింది. అతను టీవీ కింద గోడకు సన్నగా పొడుగ్గా ఒక నల్లటి పట్టీ అతికించాడు. ఉన్న ఒక్క వైరునూ టీవీ వెనక్కి దోపేశాడు. రిమోటుతో ఏదో నొక్కాడు, అదేమిటో నాకు అప్పుడు తెలియలేదు. గది ఎప్పటిలాగే ఉంది, మాట మాత్రం గంట కొట్టినట్టు వచ్చింది. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. "ఎలా ఉందత్తా?" అంది. "బాగుందమ్మా" అన్నాను. ఆ పట్టీ నోరు మా గోడవైపు కాదు, సోఫావైపు ఉంది.

ఆ సాయంత్రం ఏడింటికి గోడ మూగబోయింది. చెవి ఆనిస్తే సన్నగా వినబడుతోందని ఆయనతో అబద్ధమాడాను. గోడకు చెవి పెట్టి నోటికొచ్చిన కథ చెప్పాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు ఆయన, "మొన్న నువ్వు చంపేసిన డాక్టరు ఇవాళ కోర్టుకెలా వచ్చాడే?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నన్ను చంటిపిల్లాణ్ణి చేయకు" అని అటు తిరిగి పడుకున్నాడు. అప్పటినుంచి తిండి సగానికి సగం తగ్గించాడు.

అడగొచ్చు కదా అంటారు మీరు. ఏమని అడగను? ఇన్నాళ్లుగా మీ గోడకు చెవులు పెట్టామమ్మా అని చెప్పనా? వాళ్లింటికి వచ్చి వినమన్నా ఈయన వచ్చే రకం కాదు. చూపు పోయాక గడప దాటలేదు. జాలిపడే గొంతు వింటే ఆయనకు ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మూడింటికి టీచరమ్మ ఇంట్లో ఎవరూ లేరు. నీళ్ల మోటారు వేయడానికి వాళ్ల తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంటుంది. తాళం తీసి లోపలికి వెళ్లాను. పట్టీ ఒక పట్టాన ఊడలేదు, కుట్లు విప్పే చాకు పెట్టి లాగాను. గుడ్డ చుట్టి, కత్తిరింపు ముక్కల సంచిలో అడుగున పెట్టాను. అమ్ముకుందామని కాదు. అది లేకపోతే టీవీ పాత నోటితో మాట్లాడుతుందనుకున్నాను.

ఏడయింది. గోడలోంచి చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా లేదు. బిగించినాయన ఆ రోజు రిమోటుతో టీవీ సొంత గొంతు ఆపేశాడట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కాసేపటికి టీచరమ్మ మా తలుపు కొట్టింది. "అత్తా, మా ఇంట్లోకి ఎవరైనా వచ్చారా?" అంది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆ ఉదయమే బిగించినాయన పట్టీ వంకర సరిచేయడానికి వచ్చి వెళ్లాడు. ఆమె అనుమానం ఆయన మీదికి పోయింది. నిన్న మీరు ఆయన్ని ఇక్కడ కూర్చోబెట్టారని విన్నాను. ఆయన్ని పంపేయండి. వస్తువు మీ బల్ల మీద పెట్టాను. మూలన పడిన గీత నా చాకుదే.

ఇవాళ కొలతలకు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చాను. కానీ సౌండ్‌బార్ పోయిందని టీచరమ్మ అన్నదీ, పొద్దున నేను ముక్కల సంచి వెతకడమూ మా ఆయన విన్నాడు. నా వెనకే ఆటో పిలిపించుకుని వచ్చి, ఇప్పుడు బయట బల్ల మీద కూర్చుని, తానే తీశానని కానిస్టేబులుగారితో చెబుతున్నాడు. ఆ మాట నమ్మకండి. ఆ వస్తువు పొడుగ్గా ఉంటుందో గుండ్రంగా ఉంటుందో కూడా ఆయనకు తెలియదు, కావాలంటే అడిగి చూడండి. రెండేళ్లు గడప దాటని మనిషి దాటి దాటి పోలీసు స్టేషనుకు వచ్చాడు. నాకు ఒళ్లు మండుతోంది, ఏడుపూ వస్తోంది. రెండూ రాయండి.

ఇదంతా నా ఇష్టంతో చెప్పాను, జరిగింది జరిగినట్టు చెప్పాను. రాసినదాన్ని స్టేషను రైటరుగారు నాకు చదివి వినిపించారు, సరిగ్గానే ఉంది. తలుపు తీసి, గట్టిగా చదవమని నేనే అడిగాను. బయట బల్ల మీద ఉన్నాయనకు ప్రతి మాటా వినబడాలి.

(సంతకం)