పేజీకి తాళం

ఒక చిన్న ఇంటి ముందు గది. మిల్లులో ఫిట్టరుగా చేసి మానేసిన పెద్దాయన, ఆయన్ని చూడడానికి మొదటిసారి వచ్చిన ఒక ఆఫీసు టైపిస్టు. ఇద్దరూ జీతం లేకుండా ఒకే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో రాసేవాళ్ళు.

“అందులో కాదమ్మా, ఆ కుర్చీ కాలు ఊగుతుంది. ఇదిగో, ఇందులో కూర్చో. ఉండుండు, ఈ బట్టలు తీసేస్తాను.”

“ఫిట్టరు ఇంట్లో కుర్చీ కాలు ఊగడమేంటి బాబాయ్?”

“ఎవరు కూర్చుంటారని బిగించను? టీ పెట్టనా? రెండో కప్పు ఎక్కడుందో వెతకాలి గానీ...”

“టీ తర్వాత. ముందు నన్ను చెప్పనివ్వండి. మళ్ళీ తీసేశాడు.”

“ఎవరు?”

“ఎవరేంటి, మన కత్తెరగాడు! పొద్దున లేచి చూద్దును కదా, పిన్ని వాక్యం లేదు. మిల్లు సమ్మె పేజీలో మిగతాదంతా ఎక్కడిదక్కడే ఉంది, మేనేజరు గారి ఫోటోతో సహా. సమ్మె మొదలుపెట్టింది దారం చుట్టే సెక్షను ఆడవాళ్ళు, అందరికంటే ముందు మిషను ఆపింది ఫలానా ఆవిడ అని ఉంది చూశారా, ఆ ఒక్క ముక్కే మాయం.”

“అయ్యో.”

“అయ్యో అని అంత మెల్లగా అంటారా? పోయింది మీ ఆవిడ పేరండీ!”

“గట్టిగా అంటే మాత్రం ఆగుతాడా. ఈసారి ఏం కారణం రాశాడు?”

“యూనియన్ వాళ్ళు వేసిన సావనీరు సంచిక తటస్థమైన ఆధారం కాదట. పోయినసారేమో ‘పత్రికలో కార్మికులు అని ఉంది, ఆడవాళ్ళు అని లేదు’ అన్నాడు. దానికి ముందు ఏకంగా కంపెనీ వార్షిక నివేదికే పట్టుకొచ్చాడు. అందులో ఏముందో తెలుసుగా?”

“కరెంటు పోయి పని ఆగిపోయిందని.”

“అదీ! మిల్లు మిల్లంతా గేటు బయట నిలబడి అరుస్తుంటే, కరెంటు పోయిందట.”

“వాళ్ళ పుస్తకంలో వాళ్ళు ఇంకేం రాసుకుంటారమ్మా? ఆడవాళ్ళు మిషన్లు ఆపేస్తే మేం నోళ్ళు తెరుచుకుని చూశాం అని రాసుకుంటారా?”

“మీకసలు కోపమే రాదు. పాపం, నా మీదా రాలేదు. మొట్టమొదట ఆ వాక్యం తీసేసింది నేనే కదా.”

“రాలేదని ఎవరన్నారు? ‘రాసిన వ్యక్తి సదరు మహిళ భర్త అయినందున తొలగించడమైనది’ అని పెట్టావు. తొలగించడమైనది! అచ్చం మిల్లు నోటీసు బోర్డే. ఆ రోజు నువ్వు ఎదురుగా ఉంటే నాలుగు దులిపేసేవాణ్ణి.”

“నియమం అది బాబాయ్. సొంతవాళ్ళ గురించి సొంతవాళ్ళు రాయకూడదు. మీరేమో చర్చాపేజీలో ఇంత బారు రాశారు. ‘ఆ సెక్షనులో చేసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, నేను కాక ఇంకెవరు రాస్తారు’ అని. అది చదివి ఆ పూట నాకు అన్నం సహించలేదు. నేనే వెళ్ళి సావనీరు వెతికి, ఆధారం చేర్చి, వాక్యం మళ్ళీ పెట్టాను.”

“పెట్టావు తల్లీ. నీ మేలు మరిచిపోను.”

“ఆ తర్వాత దాపురించాడు వీడు. పేరు లేదు, ఖాతా లేదు. బాబాయ్, నేనో సంగతి కనిపెట్టాను. ఖాతా లేనివాళ్ళకి పేరు బదులు ఇంటర్నెట్ నంబరు పడుతుంది కదా, అది చూశాను. ఈ ఊరిదే.”

“ఈ ఊరంటే ఏమన్నా చిన్నదా?”

“చిన్నది కాదనుకోండి. కానీ వాడు కొత్తవాడు కాదు. మన నియమాలన్నీ వాడికి కంఠతా. ఒక ఆధారం ఒప్పుకుంటే ఇంకో నియమం తీస్తాడు. మనలోనే ఎవరో పాతకాపు, ఖాతాలోకి రాకుండా దొడ్డిదారిన వచ్చి పోతున్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!”

“పట్టుకుని ఏం చేస్తావులే.”

“ఇంకో వింత వినండి. ఎవరో ఆ పేజీలో పిన్ని వాళ్ళది నూలు వడికే సెక్షను అని తప్పు రాశారు. వీడు పిన్ని వాక్యం కొట్టేస్తూ, పక్క పేరాలో ఆ తప్పు దిద్ది మరీ పోయాడు! దొంగతనానికి వచ్చినవాడు ఇల్లు ఊడ్చిపెట్టి పోయినట్టుంది.”

“మంచివాడే అయ్యుంటాడు.”

“మంచివాడా!”

“అంటే, మిల్లు సంగతి తెలిసినవాడని. అతను చెప్పే దాంట్లోనూ కొంత న్యాయం ఉందేమో. సావనీరు యూనియన్ వాళ్ళదే కదా, వాళ్ళ గొప్ప వాళ్ళు రాసుకుంటారు.”

“మీరు ఎవరి పక్షం అసలు? ఆ సావనీరు దొరికిన రోజు ఫోనులో ఆ ముక్క నాచేత మూడుసార్లు చదివించుకున్నారు!”

“సరే సరే, కసురుకోకు. ఎక్కడుంటావు నువ్వు? ఇంట్లో ఎవరెవరున్నారు?”

“నేనూ, కిటికీ. ఒక గది. ఆఫీసులో పొద్దస్తమానం ఇన్సూరెన్సు కాగితాలు కొడతాను. సెలవొస్తే కూరగాయలమ్మే ఆవిడతో తప్ప నోరు విప్పే పని ఉండదు. అందుకే ఈ పేజీల్లో పడి కొట్టుకుంటాను. మీ అమ్మాయి వస్తుందిగా ఆదివారాలు?”

“వస్తుంది, పిల్లల్ని తీసుకుని. వండి పెడుతుంది, ఇల్లు సర్దుతుంది. బంగారం లాంటి పిల్ల. కాకపోతే పోయిన వాళ్ళమ్మ సంగతి ఎత్తితే పడదు. ‘మళ్ళీ మొదలెట్టకు నాన్నా, నువ్వు ఏడుస్తావు, నేను ఏడుస్తాను, పిల్లలు బెదిరిపోతారు’ అంటుంది. ఫోటో కూడా లోపలి గదిలోకి మార్చేసింది. దాని బాధ దానిది, తప్పు పట్టను.”

“మిల్లు స్నేహితులు?”

“పార్కులో ఒకడున్నాడు. వాడికి మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకో లోకం లేదు. చెవులు ఎప్పుడో పోయాయి. ఆ చప్పుడులో బతికినవాళ్ళం, చాలామందివి అంతే. నేను ఏది చెప్పినా వాడు ‘అవునవును, వానొచ్చేట్టుంది’ అంటాడు.”

“నవ్వించకండి. అది సరే, ఆ రోజు సంగతి ఒకసారి నోటితో చెప్పరా? ఫోనులో వినడం వేరు.”

“ఎన్నిసార్లు విన్నావే!”

“వింటాను. చెప్పండి.”

“ఏముంది... పాలు తాగే పిల్లలున్న ఆడవాళ్ళకి మిల్లులోనే ఒక గది ఉండేది. మధ్యలో వెళ్ళి పాలిచ్చి వచ్చేవాళ్ళు. ఆ పూట నోటీసు పెట్టారు, ఇకమీదట వెళ్ళకూడదని. నాకదేం తెలియదు. చుట్టే సెక్షనులో మిషను ఆగిందని కబురొస్తే పెట్టె పట్టుకుని పరిగెత్తాను. ఒకావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నేను మూత విప్పి, లోపల తల దూర్చి అంతా చూశాను. ఎక్కడా ఏమీ లేదు. ‘గేరు అరిగిందా ఏంటమ్మా’ అన్నాను. ‘గేరు బాగానే ఉంది, అరిగింది మా ఓపిక’ అంది.”

“అబ్బ! ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది బాబాయ్ ఈ మాటకి.”

“మరి మీ పిన్నంటే ఏమనుకున్నావు!”

“ఊఁ, తర్వాత?”

“ఆవిడకి అప్పటికి పిల్లల్లేరు, పెళ్ళే కాలేదు. పక్క మిషనావిడ పాప అవతల గదిలో ఏడుస్తోందని ఆపింది. అదీ ఆవిడ తీరు. నేను చూస్తుండగానే నా పెట్టెలోంచి స్పానరు తీసుకుని ఇనప స్తంభం మీద ఠంగు ఠంగుమని కొట్టింది. పక్క మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. వరసంతా ఆగింది. అంత పెద్ద హాల్లో ఎవరో దగ్గితే వినపడింది తల్లీ. ఎన్నో ఏళ్ళు చేశాను అక్కడ, ఒక మనిషి దగ్గు వినడం అదే మొదటిసారి.”

“స్పానరు ఇచ్చిందా తిరిగి?”

“ఎక్కడిస్తుంది! అది అడగడానికి వెళ్ళే కదా నేను ఆవిడ వెనకాల గేటు దాకా నడిచింది. గేటు దాటాక ఇంకేం ఫిట్టరు, నేనూ సమ్మెలోనే.”

“చాలు. ఇప్పుడు నేను తెచ్చింది చూడండి. పోయినసారి వాడు తీసేసినప్పుడు మీకు ఫోను చేసి అంతా మళ్ళీ చెప్పించుకున్నానా? పక్క మిషనావిడ ఆ తర్వాత బడిలో ఆయాగా చేరిందన్నారు. ఆ పోగు పట్టుకుని లాగాను. ఆవిడ ఇప్పుడు లేదు. కానీ ఉన్నప్పుడు ఒక పరిశోధకురాలు వెళ్ళి ఆవిడతో మాట్లాడిందట. పుస్తకం వేసింది. యూనియన్ కాదు, కంపెనీ కాదు, మొగుడూ కాదు. ఇదిగో నకలు.”

“ఆగు, కళ్ళజోడు... కళ్ళజోడు ఎక్కడ పెట్టాను?”

“నెత్తి మీదుంది.”

“ఏదీ? ఆవిడ పేరుందా ఇందులో?”

“రెండు చోట్ల ఉంది. ‘నా పాప కోసం మొదట మిషను ఆపింది ఆవిడే, మేమంతా ఆవిడ వెనకాలే లేచాం’ అని, ఇదిగో, ఇక్కడ.”

“ఎక్కడ? వేలు పెట్టి చూపించు.”

“ఇదిగో.”

“ఆఁ... అచ్చులో ఎంత చిన్నగా ఉంది.”

“ఏడవకండి బాబాయ్. మీ అమ్మాయి నన్ను తిడుతుంది.”

“లేదు లేదు. తుడుచుకుంటున్నానంతే. ఎంత తిరిగావో దీని కోసం.”

“తిరిగితే తిరిగాను. తాడో పేడో తేలిపోయింది. దీని మీద ఏ నియమం తీసినా చెల్లదు. అయినా వాణ్ణి నమ్మను, పేజీకి తాళం వేసేస్తాను. అది మీ ముందే చేద్దామని కంప్యూటరు మోసుకొచ్చాను. వాక్యం పెట్టేశాను, ఆధారం చేర్చేశాను. ఈ తాళం బొమ్మ నొక్కానంటే నాలాంటి నిర్వాహకులు తప్ప ఎవ్వరూ ముట్టుకోలేరు.”

“టీ తాగి నొక్కు.”

“ఒక్క నొక్కుడు బాబాయ్!”

“తాళం వేస్తే... ఎన్నాళ్ళు?”

“ఎన్నాళ్ళేంటి, తీసేదే లేదు. పిన్ని పేరు ఇక రాతి మీద చెక్కినట్టే.”

“మంచిదే. చాలా మంచిదే. మరి చర్చాపేజీ?”

“గొడవే లేనప్పుడు అక్కడికి ఎవరొస్తారు? నేనూ రాను. అవతల వంతెనల పేజీల్లో తలలు పగలగొట్టుకుంటున్నారు, అక్కడికి పోవాలి.”

“ఫోను...”

“అప్పుడప్పుడు చేస్తాలెండి. పండగకో పబ్బానికో. నొక్కుతున్నా.”

“ఆగు!”

“ఏమైంది?”

“వద్దమ్మా. తాళం వద్దు.”

“ఎందుకు వద్దు? ఇన్నాళ్ళు దీని కోసమే కదా మీరూ నేనూ పడ్డాం! ఎవరైనా బెదిరించారా? మిల్లు వాళ్ళా?”

“వాళ్ళెవరూ లేరు. మిల్లే లేదు, వాళ్ళెక్కడ?”

“మరి నా చెయ్యి ఎందుకు పట్టుకున్నారు? బాబాయ్, నా వైపు చూడండి. వాడెవరో మీకు తెలుసా?”

“టీ చల్లారిపోతుంది.”

“టీ పెట్టనే లేదు! తెలుసా, తెలియదా?”

“తెలుసు.”

“తెలిసీ చెప్పలేదా! ఎవడు వాడు? ఆ పేరు బతకనివ్వకుండా చేసే అంత పగ ఎవడికుంది పిన్ని మీద?”

“పగ కాదు తల్లీ. నేనే. ఈ చేత్తో నేనే తీసేస్తున్నాను... తీసేసిన ప్రతిసారీ నువ్వు ఫోను చేసి, ‘బాబాయ్, పిన్ని ఆ రోజు ఏం చేసిందో మళ్ళీ మొదట్నుంచి చెప్పండి’ అంటావు కదా.”