ఉడకబెట్టని తులసి

కూర్చోమంటారా? నన్నేనాండీ? ఇరవై రెండేళ్ల నుంచీ ఈ ల్యాబులో సీసాలు కడుగుతున్నాను గానీ, ఈ కుర్చీని తుడవడమే తప్ప ఏనాడూ కూర్చోలేదండీ బాబూ. తమరు ఎంక్వయిరీకి వచ్చేరు కాబట్టి ఈ అప్పాయమ్మక్కూడా కుర్చీ దొరికింది.

పొద్దుట్నించీ చూస్తున్నానండీ. ప్రిన్సిపాల్ గారిని ఏసీ గదిలో కూర్చోబెట్టి గంటసేపు అడిగేరు. అసలు ఈ ల్యాబు ఏ అంతస్తులో ఉందో ఆయనకి ఈవేళ చూపించింది నేనే. ఐదేళ్లు తిండీ నిద్రా లేకుండా పనిచేసిన శ్రీవల్లి మేడమ్ గారిని మాత్రం గుమ్మం బయట నిలబెట్టేరు. బాగుందండీ మీ పద్ధతి!

ఏటీ, మొక్క సంగతి చెప్పమంటారా? ఆయ్, చెప్తాను. కాగితాల మీద అంతా ఇంగ్లీషులో రాసుకున్నారు కదా, నా నోటంట ఓసారి తెలుగులో వినండి.

మేడమ్ గారు తులసాకుకి చిన్న గాటు పెట్టి, దానికి ఓ రకం సూక్ష్మజీవిని అంటించేవారు. కొన్నాళ్లకి ఆ గాటు దగ్గర జుట్టులాగ సన్నగా వేళ్లు పుట్టేవండీ. మట్టీ లేదు, కాండం లేదు, సీసా నిండా వేళ్లే. ఆవిడ ఇచ్చిన మూడు జీన్లనీ ఆ జీవి మోసుకెళ్లి తులసిలో పెట్టాలన్నమాట. అప్పుడు ఆకులో మందు గుణం పెరుగుతుందంట. పెట్టమనగానే పెట్టేస్తుందాండీ? ఓ వేరులో ఒకటి పెట్టేది, ఇంకో దాంట్లో రెండు. మూడూ ఒకే వేరులో పడితే, ఆ వేరులోంచి మొక్కని లేపాలి. ఐదేళ్లు చూసేరు. పడలేదు. పడలేదనే అనుకున్నామండీ.

పోయిన కార్తీకంలో మేడమ్ గారు "పాత సీసాలు కుక్కర్లో పెట్టి ఉడకబెట్టేసెయ్, అప్పాయమ్మా" అన్నారు. మా ల్యాబులో పెద్ద కుక్కరు ఉంటుంది లెండి. ఇక్కడ పెరిగినదేదీ ప్రాణంతో గుమ్మం దాటకూడదు, అది రూలు. నాకు తెలీదేంటండీ? వందల సీసాలు ఉడకబెట్టేను. చింతపండు పిప్పిలాగ ఉండేవి, ఏమీ అనిపించేది కాదు.

ఆవేళ ఒక సీసాలో వేళ్ల మధ్య నుంచి మొక్క లేచి ఉంది. రెండంగుళాలుంటుందేమో. పొట్టిది, ఆకులన్నీ ముడతలు. మూత తీస్తే, అచ్చం తులసి వాసనండీ! పైగా శుక్రవారం.

శుక్రవారం మేం తులసి దళమే కొయ్యమండీ. అలాంటిది తులసమ్మని బతికుండగానే కుక్కర్లో పెట్టి ఉడికించనా? నవ్వుతారేంటండీ? మీ ఇంట్లో ఆవిడగారినో మాట అడగండి, పెడతారేమో!

కొంగులో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లి పెరుగు డబ్బాలో నాటేను. రెండు నెలలకే గుబురుగా వచ్చేసింది. వీధిలో ఆడవాళ్లంతా "ఈ ముడతాకు తులసి ఎక్కడిదే? ఓ కొమ్మియ్యవే" అనేవారు. తులసి కొమ్మ అడిగితే లేదని ఎలా అంటామండీ? మా అక్కతో కలిపి పది ఇళ్లకి ఇచ్చేను. మొట్టమొదట కారు దిగొచ్చి మరీ పట్టుకెళ్లిందెవరనుకున్నారు? ప్రిన్సిపాల్ గారి భార్యగారే. పొద్దున్న వాళ్లింట్లో తులసి టీ బాగుందని రెండోసారి పోయించుకున్నారంట కదా తమరు?

అయ్యో, నీళ్లు తాగండి. ఏమీ కాదు. మేం అందరం బాగానే ఉన్నాం కదండీ.

పూత వచ్చిందా అంటారా? లేదండీ, ఎక్కడా వెన్ను పెట్టలేదు, గింజ రాలలేదు.

పోయిన నెల నాకు జ్వరమొస్తే మేడమ్ గారు చూడ్డానికి వచ్చేరు. పెరట్లో ఆ ఆకులు చూసి అలాగే నిలబడిపోయేరు. ఓ ఆకు తీసుకెళ్లి పరీక్ష చేసేరు. మూడూ ఉన్నాయండీ! ఐదేళ్లు ఆవిడ వెతికింది నా పెరుగు డబ్బాలో ఉంది.

గప్‌చుప్‌గా పట్టుకెళ్లి సీసాలో పెట్టేసుకుంటే ఎవరికి తెలుస్తుందండీ? ఊహూఁ. మొక్క బయటికెళ్లింది, తప్పు తనదేనని మీకు ఉత్తరం రాసేరు. నా పేరు ఎక్కడా రాయలేదు. అందుకే ఆవిడ ఉద్యోగం తీసేద్దామని తమరు కారేసుకొచ్చేరు.

ఇదిగో, ఇది రాసుకోండి. "ఉడకబెట్టేవా?" అని ఆవిడ అడిగితే "ఆయ్, ఉడకబెట్టేసేనండీ" అన్నది నేను. నా మాట నమ్మి రిజిస్టర్లో సంతకం పెట్టేరు, ఆవిడ చేసిన నేరం అంతే. వేలిముద్ర కావాలా? సంతకమే పెడతాను, నాకూ వచ్చు.

ఈ గోనెసంచా? అందులో మేడమ్ గారిని మీరు తెమ్మన్న మొక్కలేనండీ. తెల్లారకముందే తలస్నానం చేసి, మొదటి బస్సుకి అల్లవరంలో మా అక్క ఇంటికెళ్లి, అక్కణ్నించి మా వీధికొచ్చి, ఇల్లిల్లూ తిరిగి కాళ్లావేళ్లా పడి నా చేత్తో పీకేను. మా అక్క నా మొహం చూడనంది. ఈవేళ ఏం వారమో చూసుకున్నారా? శుక్రవారమండీ.

ఈ తడిగుడ్డలో ఉన్నది మా పెరట్లోది. వేళ్లు తెగకుండా తీసేను. ఇదొక్కటీ మేడమ్ గారికిచ్చి లోపలికి పిలవండి. సీసాలో పెట్టుకుని మూత బిగించుకుంటారు. నా ఉద్యోగం తీసేసుకోండి, ఎలాగూ ఇంక ఉడకబెట్టడం నా వల్ల కాదు.

మొత్తం పదకొండు ఉండాలి, పదే ఉన్నాయంటారా? ఆయ్, లెక్క బాగానే వచ్చండీ తమరికి. పదకొండోది ప్రిన్సిపాల్ గారి ఇంట్లో ఉంది. అమ్మగారు దాని ముందు కూర్చుని పూజ చేసుకుంటున్నారు. అది మాత్రం తమరే వెళ్లి పీక్కోండి. చెప్పులు బయట విప్పండేం.