పచ్చికాయకి పన్ను లేదు

సింధూరా, నేను ఇంతవరకు ఏమీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత రాసిందల్లా ఉప్పు ఇంత, ఆవపిండి ఇంత అని చీటీలే. నోటితో చెబుదామంటే నువ్వు ఫోను పట్టుకుని "ఉండండత్తమ్మా, వీడియో తీస్తా" అంటావు, నా నోరు మూతపడిపోద్ది. అందుకని నీ ఆర్డర్ల పుస్తకంలో వెనక పేజీల్లో రాస్తున్నా. నవ్వొస్తే నవ్వుకో.

నిన్న హైదరాబాదు నుంచి శ్రీరమ్య గారని ఒకావిడ ఆవకాయ పంపమంటే నేను వద్దన్నానని అలిగావు కదా. ఆడిటరు కిషోర్ బాబు గారు చెప్పింది నువ్వూ విన్నావు. మన రాష్ట్రంలోనే అమ్ముకుంటే మనలాంటి చిన్నవాళ్లకి జీఎస్టీ నంబరు అక్కర్లేదు, గీత దాటితే మాత్రం మొదటి సీసాకే కావాలి, పచ్చడి పెట్టేది నేను కాబట్టి అది నా పేరున తీసుకోవాలి అని. నా పేరు, నా సంతకం, ఆఫీసులో అడిగేవాళ్లకి నా సమాధానం. "మన జిల్లా చాల్లేమ్మా" అన్నాను. నువ్వు మూతి ముడిచి "మీ అత్తగారైతే ఇలా అనేవారా?" అన్నావు. నువ్వు మా అత్త ఇన్నమ్మని చూడలేదుగా. ఏమనేదో చెబుతా.

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడు. ఈ శ్రీరమ్య గారి అమ్మ సౌభాగ్యలక్ష్మి గారికి, కూకట్‌పల్లిలో వాళ్ల అపార్ట్‌మెంటు మొత్తానికి, పన్నెండు ఇళ్లకి, ఏటా మా అత్త చేతి ఆవకాయే. ఆ ఏడూ పంపుతానని మే నెలలో మా అత్త మాటిచ్చింది. మన జలాలు మామిడికాయకి టెంక ముదరడం ఆలస్యమై, కోసేసరికి జూన్ రెండు దాటిపోయింది. నూజివీడులో కొట్ల లెక్కలు రాసే సోమయాజులు గారు కబురు పెట్టారు, "ఇన్నమ్మా, జాగ్రత్త, హైదరాబాదు ఇప్పుడు పరాయి రాష్ట్రం. అక్కడికి అమ్మితే నంబరుండాలి, పన్ను కట్టాలి" అని. మా అత్త నన్నూ మీ మావయ్యనీ వెంటబెట్టుకుని ఆయన అరుగు మీద కూలబడింది. "ఏమండీ, కాయ అదే, కారం అదే, తినే నోరు అదే. నేను ఆగిరిపల్లి నుంచి కదల్లేదు, ఆవిడ కూకట్‌పల్లి నుంచి కదల్లేదు. పోయినేడు లేని పన్ను ఈ ఏడు ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ?" ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "మీరిద్దరూ కదల్లేదమ్మా, మధ్యలో గీత కదిలింది. అమ్మేవాళ్లు ఎక్కడ, కొనేవాళ్లు ఎక్కడ, అదే లెక్క" అన్నారు. నంబరు రావడానికి ఎన్నాళ్లు పడుతుందంటే, వానలు పడేలోపు కష్టమే అన్నారు. వాన పడ్డ కాయ ఆవకాయకి పనికిరాదని నీకు తెలుసుగా. దొంగతనంగా బస్సులో వేసేద్దామని మీ మావయ్య అంటే "నా పచ్చడి దొంగసరుకా?" అని కయ్యిమంది.

అరుగు మీద వేలితో ఏవో గీతలు గీసింది. అలా గీసిందంటే మాకు భయం. మళ్లీ అడిగింది, "పంతులు గారూ, పచ్చికాయకి పన్నుందా?" లేదన్నారు. "అయితే కాయలు పట్టుకెళ్తా. కారం, ఆవపిండి, నూనె వాళ్ల ఊళ్లో వాళ్లే కొనుక్కుంటారు. వాళ్ల బేసిన్లో కలిపేసి, కూలి తీసుకుని వచ్చేస్తా. అప్పుడు పచ్చడి అమ్మింది ఎవరు?" సోమయాజులు గారికి నవ్వీ నవ్వీ పొలమారి, వాళ్లావిడ మంచినీళ్లు తేవాల్సొచ్చింది. "ఇన్నమ్మా, నలభై ఏళ్లలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. వెళ్లిరా!"

బస్సు మీద ఆరు బస్తాల కాయలు, ఒళ్లో కాయ కొట్టే కత్తి. కండక్టరు "ఎవర్ని నరకడానికి మామ్మా ఇది?" అంటే, "నువ్వు టిక్కెట్టు కొట్టు నాయనా, నేను కాయ కొడతా" అంది. నేను సిగ్గుతో కొంగు మొహం మీదికి లాక్కున్నా. గీత దగ్గర చెక్‌పోస్టులో ఒకతను బస్సెక్కాడు. బస్తాల్లో ఏంటి? పచ్చికాయలు. పచ్చడేమైనా ఉందా? "ఉంది బాబూ" అంది. రెండు అరచేతులూ చాపి "ఇదుగో, ఇందులో ఉంది. పన్ను ఎంత రాస్తావో రాయి" అంది. బస్సంతా ఒకటే నవ్వు. అతను కూడా నవ్వేసి "మా ఇంటికెప్పుడొస్తావమ్మా?" అని దిగిపోయాడు.

ఏంటీ, కట్టుకథ అంటావా? మీ మావయ్యనడుగు. కాదులే, ఆయన రాలేదుగా.

అపార్ట్‌మెంటు కింద కార్లు తీయించేశారు. పన్నెండు ఇళ్ల ఆడవాళ్లు, వాళ్ల బేసిన్లు, జాడీలు. ఒకావిడ వెల్లుల్లి వేయమంటది, ఒకావిడ ముక్కు మూసుకుంటది. మా అత్త కాయ కొడుతూ, "జీడి తీయండి, పొర గీకండి, తడి చెయ్యి పెట్టారో చెయ్యి కొడతా" అని లక్షాధికారుల్ని అదిలిస్తుంటే వాళ్లు చిన్నపిల్లల్లా కిలకిల నవ్వడం. నేను స్తంభం చాటున వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నా. కలపడం అయ్యాక "సవరమ్మా, ఉప్పు చూడు" అని ఒక్క కేక పెట్టింది. అందరూ నా వైపే. వేలితో నాలిక మీద వేసుకుని, "ఒక పిడికెడు తక్కువైంది, అత్తా" అన్నా, నా గొంతు నాకే వినపడలేదు. ఆవిడ లేచి నిలబడి అందరికీ చెప్పింది: "విన్నారా? నాకు రుచి తెలియకుండా పోయి మూడేళ్లయింది. మీరు మెచ్చుకునే ఉప్పు దీనిది. వచ్చే ఏడు నుంచి ఇదే వస్తుంది." నాకూ తెలియదు సింధూరా. మూడేళ్లు "ఉప్పు చూడవే" అని పిలిస్తే, కోడలికి నేర్పుతుందనుకున్నా. ఆ బేసిన్లోనే వేడన్నం వేసి కలిపి సౌభాగ్యలక్ష్మి గారు మొదటి ముద్ద నా చేతిలో పెట్టారు. అంత నవ్వుల మధ్య కూర్చుని మళ్లీ ఎప్పుడూ అన్నం తినలేదు నేను.

ఆ క్రిస్మస్ లోపే పోయింది మా అత్త. మరుసటి ఎండాకాలం సౌభాగ్యలక్ష్మి గారు ఫోను చేశారు. మోగుతుంటే చూస్తూ నిలబడ్డా, ఎత్తలేదు. రెండో ఏడు చేశారు, ఎత్తలేదు. మూడో ఏడు మానేశారు. ఏం చెప్పను, మా అత్త లేకుండా అంతమంది ముందు నిలబడలేనని చెప్పనా? ఇప్పుడు సౌభాగ్యలక్ష్మి గారి కూతురు అడిగితే అదే పని చేశాను, చేసి జిల్లా చాలన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, రాస్తుంటే

ఇక్కడిదాకా నిన్న రాశా. పొద్దున్నే ఆధార్ కార్డు తీసుకుని, నువ్వు లేవకముందే ఆగిరిపల్లిలో ఆటో ఎక్కి కిషోర్ బాబు గారి ఆఫీసుకెళ్లా. ఆయన ఇంకా తాళం తీస్తున్నారు. "ఏంటమ్మా ఇంత పొద్దున్నే? నంబరు కోసమేనా? పచ్చడి ఏ ఊరికి పంపాలి?" అన్నారు.

"అన్ని ఊళ్లకీ అండీ" అన్నా.