ఉత్త గోళీలు

నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ముసలామె ఇంటికి, ఊపిరితిత్తులను పాడుచేసే దగ్గుకు మందు మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ మిఠాయి డబ్బాతో వచ్చింది.

“అవ్వా, మా మందు పనిచేసింది! ఇక ఎంతోమంది బతుకుతారు.”

“నా దగ్గు తగ్గకపాయె గద బిడ్డా?”

“పోల్చి చూడాలని సగం మందికి మందు లేని ఉత్త గోళీలు ఇచ్చాం. మీకు అవే వచ్చాయి. ముందే చెప్పాం కదా.”

“ఏమో, నాకు సమజ్ కాలే. అవి నేను మింగలే. బీడీ ఆకు తక్కువైతె పంచుకుంటం గద, గట్లనే కోడలికిచ్చిన.”

“ఆమెకేం జబ్బు?”

“టీబీ. మీ పట్నం మందు గట్టిదని, సర్కారు దవాఖాన గోళీలు బంద్ పెట్టిచ్చిన.”

“ఇప్పుడెలా ఉంది?”

“నిన్ననే ఆమె దినాలు జేసినం.”

డాక్టరమ్మ డబ్బాకు మూత పెట్టింది.

“అవ్వా, మా పరిశోధన లెక్కలు చూసే సారొచ్చి అడిగితే, గోళీలన్నీ మీరే మింగారని చెప్పండి.”